వరస లేని నెత్తురు

మా అవ్వ నాకు అత్త. ఈ మాట కోస్తా వాళ్ళకు చెబితే కాసేపు వేళ్ళ మీద లెక్క వేసుకుంటారు గానీ, మా కర్నూలు జిల్లాలో ఎవరూ తల కూడా తిప్పరు. మా అమ్మ తమ్ముడికే నన్నిచ్చి చేశారు. దాంతో కన్నతల్లి నాకు ఆడబిడ్డ అయింది, కన్నతండ్రి అన్న వరస అయ్యాడు. పెళ్ళయిన కొత్తలో మా నాన్న చూడ్డానికొస్తే అవ్వ లోపలికి కేకేసేది. ‘‘మీ అన్న వచ్చినాడమ్మీ, కాళ్ళకు నీళ్ళియ్యిపో.’’ మా నాన్న మొహం చిట్లించుకునేవాడు. అవ్వకు మాత్రం ఆ పూటకది చాలు.

మూడు తరాలుగా తమ ఇంట్లోకి బయటి పిల్ల రాలేదని, తమ పిల్ల బయటికి పోలేదని అవ్వకు మహా గొప్ప. కోసిగి దగ్గరి తన పుట్టింటికీ, తాతగారింటికీ మధ్యనే ఇచ్చిపుచ్చుకోవడాలన్నీ. ‘‘మాదంతా ఒకటే నెత్తురు. మాలో ఎవర్ని గిచ్చినా అందరికీ నొప్పి తెలుస్తాది’’ అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేది. నాకా మాట భలే నచ్చేది. పంతొమ్మిదేళ్ళ వయసులో నాకు తెలిసిన శాస్త్రం కూడా అంతే.

అవి కర్నూలు రాజధానిగా ఉన్న రోజులు. మా ఊరు ఉన్నట్టుండి రాజధాని అయ్యేసరికి ఆఫీసులకు ఇళ్ళు చాల్లేదు. డేరాలు వేసి వాటిలో కొలువులు పెట్టారు. మద్రాసు నుంచీ కృష్ణా గుంటూరు వైపు నుంచీ గుమాస్తాలు కుటుంబాలతో దిగారు. మా ఆయన వేరుశనగ వ్యాపారం కోసం ఊళ్ళో కొన్న ఇంట్లో ఒక వాటా అలాంటి ఒక గుమాస్తాకి ఇచ్చాం. ఆయన సన్నగా, భయంభయంగా ఉండేవాడు. డేరాలో గాలికి కాగితాలు ఎగిరిపోతున్నాయని రోజూ మా దొడ్లోంచి నాలుగు రాళ్ళు సంచీలో వేసుకుని ఆఫీసుకు పోయేవాడు. ఆయన భార్యకు ముప్పై ఐదేళ్ళుంటాయి. భారీ మనిషి. గొంతు అంతకంటే భారీ. సర్కారు జిల్లాల మనిషని ఆవిడను మా అవ్వ ‘సర్కారామె’ అనేది. ఆవిడ మా అవ్వను ‘పెద్దమ్మగారండీ’ అనేది. ఆ ‘అండీ’ వింటేనే అవ్వకు ఒళ్ళు మండేది.

మొదటి గొడవ జొన్నరొట్టె దగ్గర వచ్చింది. అవ్వ తెల్లారగట్టే లేచి రొట్టెలు కొట్టేది. ఆ చప్పుడుకి సర్కారామె పరిగెత్తుకొచ్చి, ‘‘ఎవర్నో కొడుతున్నారనుకున్నానండీ. పిండినా?’’ అని బుగ్గ నొక్కుకుంది. అంతే. ఆ రోజు నుంచి అవ్వ చేతిబలం రెట్టింపయింది. ‘‘మూడు పూట్లా వరన్నం తినేదానికి రొట్టె సంగతి ఏం తెలుస్తాది’’ అని గోడకు వినిపించేట్టు అనేది. అవతలి నుంచి, ‘‘రాళ్ళు తిని హరాయించుకునే ఊరు, మనకెలా పడుతుందిలెండి’’ అని జవాబు వచ్చేది. దొడ్లో బట్టలుతికే కడప బండ ఎవరు ముందు వాడాలన్నది రెండేళ్ళైనా తేలలేదు. మధ్యలో నేనూ గుమాస్తాగారూ ఒకరినొకరు చూసి తలలు దించుకునేవాళ్ళం.

అలాంటి అవ్వ ఒకరోజు రొట్టె కొడుతూ కొడుతూ పక్కకు ఒరిగిపోయింది. నెలల తరబడి ఎర్రబట్ట అయి రక్తం పోతున్నా ఎవరికీ చెప్పలేదట. పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ చూసి, గర్భసంచిలో గడ్డ ఉంది, ఆపరేషన్ చేసి తీరాలి, కానీ ఈమె ఒంట్లో రక్తమే లేదు, ముందు ఒక్క సీసా అయినా ఎక్కిస్తే తప్ప కత్తి పెట్టను అంది. రెండు మూడు రోజులకు మించి ఆగలేమని కూడా అంది. సరిపోయే రక్తం ఉన్నవాళ్ళను తీసుకురమ్మంది.

మా ఆయన ఏడుపు మొహంతో బయటికి వచ్చాడు గానీ నాకు పెద్దగా భయం వేయలేదు. రక్తమే కదా! మా ఇంట్లో ఉన్నదంతా అదే. కోసిగి వైపు మావాళ్ళ ఊరికి మనిషిని పంపించాం.

మర్నాడు పొద్దున్నకల్లా డోన్ మీదుగా వచ్చే రైల్లో మా వంశమంతా దిగింది. ఇరవై ముగ్గురు. రక్తం ఇచ్చేవాళ్ళకు బలం కావాలని కోళ్ళూ, నెయ్యీ, రాగిపిండీ, ఒక మేకపోతూ కూడా వెంట వచ్చాయి. అందర్నీ ఇంట్లో దింపి, అక్కడి నుంచి ఆసుపత్రి వరండాకు చేర్చాం. చేరగానే తగువు మొదలైంది. ముందు ఎవరివ్వాలి?

అవ్వ తమ్ముడు తలగుడ్డ సర్దుకుని ముందుకొచ్చాడు. ‘‘పుట్టింటోళ్ళం మేముండాము. మా ఇంటి ఆడబిడ్డ. మొదట మా సీసా ఎక్కాల.’’

అప్పటికే పోయిన మా తాతకు అన్న, అంటే మా పెద్దతాత, తెల్లమీసం దువ్వుతూ అడ్డం వచ్చాడు. ‘‘ఏమప్పా, నలభై ఏండ్ల కిందట తలంబ్రాలు పోసి పంపిచ్చినాక మీదేం ఉండాది? ఆమె మా ఇంటి మనిషి. మా నెత్తురే ఎక్కాల.’’

‘‘అట్లనా? పుట్టింటి చీర మాత్రం ప్రతి ఉగాదికీ తీసుకుంటిరే! చీరకు మేము కావాల, నెత్తురికి వద్దా?’’

ఈ వాదన చీరల మీదుగా పాత పెళ్ళిళ్ళలో ఎవరికి ముందు వడ్డించారనే దాకా పోయింది. డాక్టరమ్మ బయటికొచ్చి గట్టిగా కేకేస్తే గానీ ఎవరూ బల్ల మీద కూర్చోలేదు. ఆఖరికి పుట్టింటి వైపు ఒకరు, అత్తింటి వైపు ఒకరు, వంతులవారీగా కూర్చోవాలని తీర్పు చెప్పుకున్నారు.

పరీక్ష చాలా తేలిక. కాంపౌండరు వేలిమీద పొడిచి చుక్క తీసేవాడు. డాక్టరమ్మ దాన్ని గాజు పలక మీద పెట్టి, అవ్వ రక్తంతో కలిపి అటూ ఇటూ ఊపేది. నున్నగా కలిస్తే మంచిది. పాలు విరిగినట్టు పలుకులు కడితే పనికిరాదు. అవ్వ తమ్ముడిది విరిగింది.

ఆయన నమ్మలేదు. ‘‘అది బీడీ తాగే చెయ్యిలేమ్మా. ఈ చెయ్యి సూడు’’ అని రెండో చెయ్యి చాపాడు. అదీ విరిగింది. పెద్దతాతకు సంతోషం ఆగలేదు. మీసం మళ్ళీ దువ్వుకుని కూర్చున్నాడు. ఆయనదీ విరిగింది. ఆయన డాక్టరమ్మను పైనుంచి కిందకు చూసి, ‘‘నా నెత్తురికేం తక్కువ? జొన్నలు తిన్న నెత్తురు’’ అన్నాడు. తక్కువేమీ లేదు, రకం వేరు అందామె. వేరు అన్న మాటకు ఆయనకు ఇంకా కోపం వచ్చింది. ఒకటే నెత్తురని అవ్వ అంటుంటే ఇన్నాళ్ళూ తలూపినవాళ్ళలో ఆయనే మొదటివాడు.

సాయంత్రానికి పదిమంది అయ్యారు. అందరివీ విరిగాయి. అవ్వ అన్న కొడుకు ఒకాయన సూది చూసి, ‘‘ఇచ్చినాక మళ్ళా వాపసు ఇస్తారా?’’ అని అడిగి, లేదని తెలుసుకుని, మేకపోతుకు మేత వెయ్యాలంటూ వెళ్ళాడు. తర్వాత మేకపోతు ఒక్కటే కనిపించింది.

రెండో రోజు మా అమ్మ చెయ్యి చాపింది. కడుపున పుట్టిన కూతురు, ఇంక ఢోకా లేదనుకున్నాం. పలుకులు కట్టింది. మా ఆయనది కూడా అంతే. ఆ తర్వాత నేను కూర్చున్నాను. నాకెంత ధైర్యమో చెప్పలేను. కూతురి కూతుర్ని, కొడుకు పెళ్ళాన్ని, రెండు వైపుల నుంచీ చుట్టాన్ని. నాది కలవకపోతే ఇంకెవరిది కలుస్తుంది? డాక్టరమ్మ పలక ఊపుతుంటే ఊపిరి బిగపట్టి చూశాను. నున్నగానే ఉంది, నున్నగానే ఉంది, ఇంతలో అంచు దగ్గర చిన్న పలుకు లేచింది.

అప్పుడు భయం పట్టుకుంది నాకు. అవ్వ చచ్చిపోతుందని మొదటిసారి అనిపించింది. లోపలికి పోతే అవ్వ గోడ రంగులో ఉంది. నా మొహం చూసే విషయం తెలుసుకుంది. ‘‘నువ్వూ పనికిరాకపోతివా’’ అంది నవ్వుతూ. ఆ నవ్వుకు కూడా ఆయాసం వచ్చింది.

డాక్టరమ్మ మా ఆయన్ను పిలిచి, ‘‘మీరంతా లోపల్లోపలే పెళ్ళిళ్ళు చేసుకున్నారు. మీ ఇంట్లో ఉన్న ఒకటి రెండు రకాలే మళ్ళీ మళ్ళీ తిరుగుతున్నట్టున్నాయి. ఈమెది అది కాదు. మీవాళ్ళతో చాలించి బయటివాళ్ళను పిలవండి’’ అంది. ఈ మధ్య మా మనవరాలు, అదీ డాక్టరే, నాకు ఇంకో సంగతి చెప్పింది. ఇప్పుడు మూలకణాలని ఎక్కిస్తారట. వాటికి రక్తం రకం కలవడం కాదు, ఇంకా ఎన్నో గుర్తులు కలవాలట. తోబుట్టువుల్లో లేకపోతే మన జాతివాళ్ళలో, మన ప్రాంతంవాళ్ళలోనే దొరికే అవకాశం ఎక్కువట. అందుకే అన్ని రకాల మనుషులూ దాతలుగా పేర్లు రాయించుకోవాలట. ఈ మాట అవ్వ వినుంటే లేచి కూర్చుని, ‘‘నేను చెప్పలే?’’ అని మమ్మల్నందర్నీ కాల్చుకు తినేది. ఆ రోజు మాత్రం ఆమె మాట ఆమెకే ఎదురు తిరిగింది.

మా ఆయన మండీలో హమాలీలను అడగడానికి వెళ్ళాడు. మావాళ్ళు ఒప్పుకోక, పరీక్ష కానివాళ్ళు ఎవరైనా ఉన్నారేమోనని ఆఖరి ఐదారుగుర్ని మళ్ళీ వరుసలో నిలబెట్టారు. సరిగ్గా అప్పుడు వరండాలోకి సర్కారామె వచ్చింది. రావడమే మండుతూ వచ్చింది. మా చుట్టాలు రెండు రోజుల్లో బావిలో నీళ్ళన్నీ తోడేశారు, మేకపోతు ఆవిడ వంటింట్లో దూరి ఆవకాయకని ఆరబెట్టిన మామిడిముక్కలు తినేసింది. ఆ సంగతి మా ఆయన్ను కడిగెయ్యడానికి వచ్చింది. కనిపించిన వరుస చివర నిలబడి, ‘‘ఇంటాయన ఎక్కడండీ? ఆయనతో మాట్లాడాలి’’ అంది. కాంపౌండరు తల ఎత్తకుండా, ‘‘మాటలు తర్వాత, చెయ్యి చాపమ్మా’’ అన్నాడు. ‘‘నేనెందుకు చాపాలి? మామిడికాయల సంగతి...’’ అనేలోపు వేలు పొడిచేశాడు.

ఆవిడ అరిచిన అరుపుకు లోపల పడుకున్న అవ్వ కళ్ళు తెరిచింది. ‘‘ఆ గొంతు ఈడిదాకా వచ్చిందే!’’ అంది.

డాక్టరమ్మ పలక ఊపింది. ఇంకాసేపు ఊపింది. వెలుతురుకు పట్టి చూసింది. పాలల్లో పాలు కలిసినట్టు కలిసింది. ‘‘దొరికింది! ఈమె మీకు ఏమవుతుంది?’’ అని అడిగింది.

పెద్దతాత గొంతు సవరించుకుని, ‘‘ఏమీ కాదు. అద్దెకుండాది’’ అన్నాడు.

సర్కారామెకు విషయం అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక మామిడికాయలు మర్చిపోయింది. బల్ల మీద కూర్చుని, ‘‘ఎంత కావాలో తీసుకోండి’’ అంది. ఇంతలో కబురు విని గుమాస్తాగారు డేరా నుంచి రాళ్ళ సంచీతో సహా పరిగెత్తుకొచ్చాడు. సూది చూసి, నిలబడ్డ చోటే కూలబడ్డాడు. అక్కడ కూర్చునే, భార్య ఇష్టపూర్వకంగా ఇస్తోందని కాగితం రాసి, మూడు నకళ్ళు తయారుచేస్తానన్నాడు. డాక్టరమ్మ ఒకటి చాలంది.

మావాళ్ళ సమస్య కాగితం కాదు. మాలో ఏమీ కాని మనిషంటే ఉండదు. బస్సులో పక్కన కూర్చున్నవాడిదైనా ఊరు అడిగి, ఆ ఊళ్ళో మనవాళ్ళెవరో చెప్పి, ఏదో ఒక వరస కలిపితే గానీ ఊరుకోం. పిలవడానికి వరస లేని మనిషి నెత్తురు ఒంట్లోకి ఎక్కించుకుని, ఆపైన ఏమని పిలవాలి? ఇరవై మందీ వరండాలో గుండ్రంగా కూర్చున్నారు.

‘‘నెత్తురిస్తాండాది గాబట్టి మా అక్కకు చెల్లెలు’’ అన్నాడు అవ్వ తమ్ముడు.

‘‘అయితే నీకూ చెల్లెలయితాది. నీకన్నా ఇరవై ఏండ్లు చిన్నది. సిగ్గులేదా?’’

‘‘కూతురనుకుందాం.’’

‘‘కూతురైతే పురుళ్ళు మనం పోయాల. ఇప్పటికే ఆమెకు ముగ్గురు పిల్లోళ్ళు. వాళ్ళవి పాతబాకీలు అడిగితే?’’

‘‘వదిన?’’

‘‘అప్పుడు ఆ డేరా ఆయప్ప నీకు ఏమైతాడో చూసుకో.’’

అందరూ గుమాస్తాగారి వైపు చూశారు. ఆయన సంచీని ఒళ్ళో పెట్టుకుని ఇంకాస్త దగ్గరికి ముడుచుకున్నాడు. నాకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, ఆఖరికి కోపమే గెలిచింది. ‘‘లోపల మనిషి పోతాంటే ఈడ వరసలు చూస్తాండారా?’’ అని అరిచాను. కోడలు అలా అరవకూడదు. మా అమ్మ నోరు నొక్కబోయింది. ఆడబిడ్డ హోదాలోనో తల్లి హోదాలోనో నాకిప్పటికీ తెలీదు.

తీరా అసలు పేచీ అవ్వ పెట్టింది. మంచం పక్కన డాక్టరమ్మ విషయం చెబితే, గోడవైపు తిరిగి, ‘‘నాకొద్దు. నాకేమీ కానిదాని నెత్తురు నాకేంటికి? అది ఎక్కితే నేనూ అండీ అండీ అంటాను. వరన్నం కావాలంటాను. ఈ వయసులో నాకా అవమానం వద్దు’’ అంది. మండీ నుంచి తిరిగొచ్చిన మా ఆయన ఆమె కాళ్ళు పట్టుకున్నాడు. నేను ఏడ్చాను. కదల్లేదు.

తలుపు దగ్గర నిలబడి అంతా వింటున్న సర్కారామె చెంగు బిగించి లోపలికి వచ్చింది. ‘‘ఏమీ కానా? రెండేళ్ళుగా పొద్దున్న లేస్తే మీరు ఎవరితో పోట్లాడుతున్నారు పెద్దమ్మగారూ? దారిన పోయేవాళ్ళతో బండ కోసం అంతంత సేపు పోట్లాడతారా ఎవరైనా? నేనేమీ కాకపోతే ఆ తిట్లన్నీ ఎవర్ని తిట్టారు?’’

అవ్వ పెదవులు కదలడం చూసి దేవుణ్ణి తలుచుకుంటోందనుకున్నాను. లెక్క వేసుకుంటోంది. మెల్లగా ఇటు తిరిగింది.

‘‘ఒక ఇంట్లో ఉండి, ఒక బండకాడ కొట్లాడుకుంటే దాన్ని తోడికోడలంటారు’’ అంది. ‘‘ఎక్కించు పో డాక్టరమ్మా.’’

వరండాలో ఈ తీర్పు చెబితే అందరూ ఒక్కసారి ఊపిరి వదిలారు. తోడికోడలు ఎక్కడి నుంచైనా రావచ్చు, నెత్తురు కలవక్కర్లేదు, ఇంటిమనిషి మాత్రం అవుతుంది. ఇంతకంటే మంచి వరస ఇరవై మందికీ తట్టలేదు. ఒక్క చిక్కు మాత్రం మిగిలింది. డెబ్బై ఏళ్ళ పెద్దతాతకు గుమాస్తాగారు సొంత తమ్ముడయ్యాడు. పెద్దతాత ఆయన దగ్గరికి పోయి, చెయ్యిచ్చి లేపి, ‘‘లెయ్ తమ్ముడా, రొట్టె తిందువు రా’’ అన్నాడు. పాపం ఆయన తిన్నాడు.

రక్తం ఎక్కింది. ఆపరేషన్ అయింది. అవ్వకు మెలకువ వస్తుందంటే మంచం చుట్టూ అందరం చేరాం. మొదటి మాట ‘అండీ’తో వస్తుందేమోనని మా అవ్వ తమ్ముడు చెవి దగ్గరపెట్టి కాచుకున్నాడు. అవ్వ కళ్ళు తెరిచి, ‘‘నీ నోరు బీడీ వాసన కొడతాండాది, పక్కకు పో’’ అంది. అందరికీ ప్రాణం లేచొచ్చింది.

కానీ ఇంటికి వచ్చాక అవ్వ ఆ రక్తాన్ని వాడుకున్నట్టు ఎవరూ వాడుకోలేదు. పథ్యం అన్నం రుచి మరిగి, మూడు పూటలా అదే అడిగేది. పైగా, ‘‘నేనెందుకడుగుతానే? నాలో ఉండాదే, ఆ సర్కారామెది, అది అడుగుతాండాది’’ అనేది. మధ్యాహ్నం నిద్రపోతే అదీ ఆ రక్తం మీదికే తోసేది. బండ దగ్గర గొడవలు ఆగలేదు గానీ, అటూ ఇటూ మునుపటి బలం లేదని నాకే అనిపించేది. ‘‘నా రక్తంతో నన్నే తిడుతున్నారండీ’’ అని ఆవిడ, ‘‘నాది తక్కువై నీది ఎక్కువైనందుకే నాకీ నోరు’’ అని అవ్వ.

తర్వాత రాజధాని హైదరాబాదుకు పోయింది. డేరాలు పీకారు. గుమాస్తాగారి సామాను లారీకెక్కింది. బండ ఖాళీ అయ్యాక అవ్వ చాలా రోజులు దాని దగ్గరికే పోలేదు. బట్టలు నేనే ఉతికేదాన్ని.

ఆ సీసా రక్తం మీద అవ్వ ఇంకో మూడేళ్ళకు పైగా బతికింది. జ్వరం వచ్చి, రెండు రోజుల్లో, ఎవర్నీ పెద్దగా ఇబ్బంది పెట్టకుండా పోయింది. హైదరాబాదుకు నేనే కార్డు రాశాను. మా ఇంట్లో అప్పటికే మగవాళ్ళు కొందరు మూడో రోజు నుంచే మైలా గీలా ఎవరు పడతారులే అని వ్యాపారాలకు పోతున్నారు. పెద్దతాత ఒక్కడే పట్టుదలగా కూర్చున్నాడు.

పదహారో రోజు కాబోలు, జవాబు వచ్చింది. ఆవిడ దస్తూరీ. ‘అమ్మాయీ, నీ కార్డు అందిన పూటే తలకు పోసుకున్నాను. ఇక్కడి పురోహితులు మీకెందుకమ్మా మైల, వాళ్ళు మీకేమవుతారు అన్నారు. తోడికోడలిని అని చెప్పాను. అయితే ఇంటివాళ్ళకు పదిరోజులు అన్నారు. పదిరోజులూ పట్టాను. గుడికి పోలేదు. పండగ చేయలేదు. మీ చినమామగారు కూడా ఆఫీసుకు గడ్డంతో వెళ్ళారు. అడిగినవాళ్ళకు మా వదిన పోయిందని చెప్పారు.’

కార్డు చదువుతూ దొడ్డిగుమ్మంలోనే కూర్చుండిపోయాను. అవ్వ పోయిన రోజు వంటలూ, వచ్చేపోయేవాళ్ళూ, పనులూ ఉండి నాకు సరిగ్గా ఏడవడానికి కుదరలేదు. అప్పుడు ఏడ్చాను.